ఒకరు కొలిస్తే ఒకరు టీకి

మా ఆఫీసులో రెండు ఇనుప బీరువాలు ఉండేవి. ఒకటి నాతో పనిచేసిన ఆయనది, ఒకటి నాది. ఆయన బీరువాలో చప్పుడు కొలిచే పరికరాలు, నా బీరువాలో అదురు కొలిచే పరికరాలు. ఫ్యాక్టరీల్లో, కట్టడాల దగ్గర, పెద్ద జనరేటర్ల పక్కన పనిచేసే మనిషి చెవికి ఎంత మోత తగులుతోంది, ఒంటికి ఎంత అదురు తగులుతోంది అని కొలిచి కాగితం రాసివ్వడం మా పని. చెవి ఆయన శాఖ, ఒళ్ళు నా శాఖ. ఆ రెండూ ఒకే మనిషికి ఉంటాయన్న సంగతి మా బీరువాలకు తెలియదు. మాకు తెలియడానికి కూడా ముప్పై ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లల దగ్గర అరచేతిలో పట్టే పెట్టె ఒకటి ఉంటుంది. రెండూ అదే కొలుస్తుంది. మా కాలపు సంగతులు చెబితే, "ఒకే చోటికి రెండుసార్లు ఎందుకు వెళ్ళేవాళ్ళు సర్?" అని నవ్వుతారు. నవ్వాల్సిందే. కానీ పెట్టె ఒకటైనంత మాత్రాన బీరువాలు ఒకటి కావు. ఈ కథ వాళ్ళ కోసం రాస్తున్నాను. ఇందులో ఎవరి పేర్లూ రాయడం లేదు, ఆయన పేరుతో సహా. ఆయన పోయి ఏడాది దాటింది.

ఆయనది చందానగర్. అక్కడే పుట్టాడు, అక్కడే పెరిగాడు. నేను గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి మణికొండలో స్థిరపడ్డవాణ్ణి. నేను ఆయన్ను చివరిదాకా 'మీరు' అన్నాను. ఆయన నన్ను మొదటి రోజు నుంచీ 'నువ్వు' అన్నాడు. సంచిలో ఎప్పుడూ ఒక పుస్తకం ఉంటుందని నాకు 'పంతులు' అని పేరు పెట్టాడు. నా పరికరం గుండ్రంగా, నల్లగా, పల్చగా ఉండే రబ్బరు బిళ్ళ. సీటు మీద పరిచి దాని మీద మనిషిని కూర్చోబెట్టాలి. దాన్ని ఆయన 'మాడిన దోసె' అనేవాడు. ఆయన మైకు మీద గాలి తగలకుండా ఒక నల్ల స్పాంజి ఉండ ఉండేది. దాన్ని నేను 'లడ్డూ' అనేవాణ్ణి. సైటుకు బయలుదేరేటప్పుడు "దోసె పెట్టుకున్నవా?" "లడ్డూ పెట్టుకున్నారా?" అని అడుక్కుంటుంటే కొత్త డ్రైవర్లు మేము వంటవాళ్ళమనుకునేవారు.

మాకొక అలవాటు ఉండేది. ఆయన చప్పుడు కొలిచేటప్పుడు పక్కన ఎవరూ మాట్లాడకూడదు, దగ్గకూడదు. ఒకసారి నా తుమ్ము ఒక జనరేటర్ ఖాతాలో పడింది. నేను అదురు కొలిచేటప్పుడు పక్కన ఎవరూ నడవకూడదు. ఆయన బరువైన మనిషి. గదిలో ఆయన అటూ ఇటూ తిరిగితే నా తెర మీద గీత లేచేది. అందుకని ఒకరు కొలుస్తుంటే ఇంకొకరు టీకి వెళ్ళేవాళ్ళం. ఒకరి రోజు ఒకరిది, ఒకరి ఫారం ఒకరిది. ఈ నగరంలో మేమిద్దరం కలిసి తాగిన టీల కంటే విడివిడిగా తాగినవే ఎక్కువ. ఇది మంచి పద్ధతి అని మాకు గర్వం కూడా ఉండేది. కొలత శుభ్రంగా వచ్చేది. చప్పుడూ అదురూ కలిసి మనిషిని పట్టుకునే ఆ కాసేపు మాత్రం మాలో ఎవరో ఒకరం టీ బండి దగ్గర ఉండేవాళ్ళం.

నా ఉద్యోగం ఇంకో రెండేళ్ళు ఉందనగా మాదాపూర్‌లో ఒక సైటు నుంచి పిలుపు వచ్చింది. కరోనా తర్వాత ఆఫీసులన్నీ మళ్ళీ తెరుచుకున్న రోజులు. రెండు అద్దాల భవనాల మధ్య ఇంకొక భవనం కోసం గుంత తీస్తున్నారు. నాలుగు అంతస్తుల సెల్లారు. కింద అంతా రాయి. పక్కన ఆఫీసులున్నాయి కాబట్టి పేల్చడానికి వీల్లేదు. అందుకని బ్రేకర్ బండ్లు దించారు. బండి చేతికి బకెట్టు బదులు మనిషి తొడంత ఉక్కు ఉలి ఉంటుంది. పెడలు తొక్కితే అది రాతిని టకటకా కొడుతుంది. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా అదే పని. పక్క భవనాల్లో ఉద్యోగులంతా ఫోన్లు మ్యూట్‌లో పెట్టుకుని పనిచేసేవాళ్ళు. ఆ వీధిలో మ్యూట్‌లో లేనిది రాయి ఒక్కటే.

మమ్మల్ని పిలిచింది ఆ సైటు సేఫ్టీ ఆఫీసరు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. విజయవాడ అమ్మాయి, మొదటి పెద్ద సైటు. అక్కడ ఆమె పెట్టిన నియమం ఒకటి ఉంది. భద్రత తప్పిన ప్రతిసారీ ఆ మనిషి హెల్మెట్ మీద ఒక ఎర్ర స్టిక్కరు. మూడు పడితే గేట్ పాస్ రద్దు. ఆ కంపెనీవాళ్ళు ఇంకే సైట్లోనూ ఆ మనిషిని రానివ్వరు. నియమం పెట్టాక అందరూ బుద్ధిగా ఉన్నారు, ఒక్క బ్రేకర్ ఆపరేటర్ తప్ప. అతను మోత తగలకుండా చెవులను కప్పే ఇయర్‌మఫ్ పెట్టుకోడు. పెట్టినట్టే పెట్టి, ఆమె అటు తిరగ్గానే మెడ మీదికి జార్చేస్తాడు. అప్పటికే రెండు స్టిక్కర్లు పడ్డాయి.

అతనికి నలభై అయిదు ఉంటాయి. పాలమూరు వైపు మనిషి. ఆ సైటు మొత్తానికీ అతనే మంచి పనివాడని మేస్త్రీలందరూ ఒప్పుకునేవారు. పక్క భవనం పునాది పక్కనే ఉన్న రాయిని కూడా అద్దం బీటలు వారకుండా చీల్చేవాడు. కూతురు పదో తరగతి చదువుతోంది. ఆ పిల్ల చదువు కోసమే ఊళ్ళు తిరగడం మాని ఇక్కడ గది కిరాయికి తీసుకున్నాడు. పరీక్షలు నాలుగు నెలల్లో ఉన్నాయి. మూడో స్టిక్కరు పడితే మళ్ళీ ఊళ్ళ వెంట పోవలసిందే.

"డిప్పలు పెట్టుకుంటే ఊగుడు ఎక్కువైతది సారు," అన్నాడు నాతో, మొదటి రోజున. ఇయర్‌మఫ్‌లను వాళ్ళంతా డిప్పలు అనేవారు. "చెవులు మూసిన్నంటే నడుంల, పండ్లల్ల మొత్తం తెలుస్తది. తీస్తే ఏం తెల్వది. నేను అబద్ధం ఆడుతలేను."

"సర్, మీరే చెప్పండి, చెవికి నడుముకి సంబంధం ఏంటండీ?" అంది ఆ అమ్మాయి. "రోజూ ఇదే ఎక్స్‌క్యూజ్. అందుకే మిమ్మల్ని పిలిపించాను. కొలిచి రాసిచ్చేయండి. మఫ్ పెట్టుకుంటే సీటు అదురు పెరుగుతుందా, పెరగదా. అంతే."

ప్రశ్న చక్కగా ఉంది. అవును, కాదు అని జవాబివ్వొచ్చు. నాకు అలాంటి ప్రశ్నలంటే ఇష్టం. ఆయన్ను పైన రోడ్డు మీది టీ బండి దగ్గరికి పంపించి నేను గుంతలోకి దిగాను. సీటు మీద మడత పెట్టిన బొంత ఒకటి ఉంది. దాని మీద దోసె పరిచి ఆపరేటర్‌ను కూర్చోబెట్టాను. డిప్పలతో రెండు నిమిషాలు, తీసేసి రెండు నిమిషాలు, అలా మూడుసార్లు కొలిచాను. ఆరు గీతలూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే ఒకటే గీతలా ఉన్నాయి.

మర్నాడు రిపోర్టు పంపాను. "ఇయర్‌మఫ్ ధరించినప్పుడు, ధరించనప్పుడు సీటు కంపనంలో తేడా లేదు. ఆపరేటర్ చెప్పిన విషయాన్ని కొలతలు సమర్థించలేదు." ఆ రెండో వాక్యం బాగా కుదిరిందని అనుకున్నాను కూడా. వాక్యం కుదిరిందని సంతోషించిన రోజున కొలత మరోసారి చూసుకోవాలని తర్వాత తెలిసింది.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి రిపోర్టు కాపీ తీసుకున్నాడు. సోమవారం తన చప్పుడు కొలత ఉంది, అందుకని చూస్తున్నాడు. చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. అది మంచి సూచన కాదు.

"ఏంది పంతులూ, నీ దోసెకు చెవులున్నయా?"

"అంటే?"

"డిప్పలు ఎవలకు పెట్టినవ్? దోసెకా, మనిషికా?"

"మనిషికే."

"మరి అడిగింది దోసెనా?"

ఆయన నాలుగో పేజీ తిప్పాడు. అక్కడ సీటు అదురు అంకెల పట్టిక, పక్కనే మనిషి ఒళ్ళు తట్టుకునే హద్దు ఉన్నాయి. వేలు పెట్టి చూపించాడు. "ఇది హద్దు దాటింది కదా?"

"దాటింది."

"ఇది?"

"అదీ దాటింది. కానీ వాళ్ళు అడిగింది తేడా ఉందా అని. తేడా లేదు. అంకెలు దాచలేదు కదా, పట్టికలో ఉన్నాయి."

"మస్తు రాసినవ్. వెనకట ఒకడు దవాఖానకు పోయి, కుడి చేతికి ఎడమ చేతికి జరంల ఏమన్నా తేడా ఉన్నదా అని అడిగిండట. డాక్టరు రెండూ చూసి, ఏం తేడా లేదు పో అన్నడట. రెండు దిక్కులా నూటమూడు."

ఆఫీసులో ఉన్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా. నాలుగో పేజీ దాకా ఎవరూ చదవరని నాకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. తెలిసే అక్కడ పెట్టాను.

ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. "థాంక్యూ సర్, మీ రిపోర్ట్ చాలా క్లియర్‌గా ఉంది," అంది. ఆ పొద్దున్నే ఆపరేటర్ మళ్ళీ మఫ్ లేకుండా కనిపించాడట. రిపోర్టు చేతిలో ఉంది కాబట్టి మూడో స్టిక్కరు వేసేసింది. శనివారం ఆఖరి రోజు, సోమవారం నుంచి గేటు లోపలికి రానివ్వరు.

ఫోన్ పెట్టేశాక ఆయన నా ముఖం చూశాడు. "రేపు ఇద్దరం పోదాం," అన్నాడు. "దోసె తెచ్చుకో. లడ్డూ నేను తెస్త. టీ తర్వాత."

శనివారం పక్క భవనాలు ఖాళీగా ఉన్నాయి. గుంతలో పని మామూలుగానే నడుస్తోంది. ఆపరేటర్ ఆ రోజు డిప్పలు బుద్ధిగా పెట్టుకుని కూర్చున్నాడు. హెల్మెట్ మీద మూడు స్టిక్కర్లు వరుసగా ఉన్నాయి. నన్ను చూసి నమస్తే పెట్టాడు. తిడతాడేమో అనుకున్నాను. తిడితే బాగుండేది.

"నువ్వు రాసిన కాయితం మేడమ్ చదివి చూపెట్టింది సారు," అన్నాడు. "చదువుకున్నోళ్ళు, మీకెర్క. నాకు ఊగుడే ఎర్క."

ఆ అమ్మాయికి మేము రావడం నచ్చలేదు. "సర్, రిపోర్ట్ ఇచ్చేశాక మళ్ళీ ఏంటండీ? ప్రాసెస్ అయిపోయింది. అతన్ని వదిలేస్తే రేపు అందరూ తీసేస్తారు. వినికిడి పోతే ఎవరు బాధ్యులు?"

ఆమె అన్నది తప్పు కాదు. ఆ మోత రోజంతా వింటే చెవులు నిలబడవు. ఆయనకు అది అందరికంటే బాగా తెలుసు. సైట్లో డిప్పలు తీయని మనిషి ఎవరైనా ఉంటే అది ఆయనే. "వదిలిపెట్టుమంటలేను బిడ్డా," అన్నాడు. "పంతులు ఒక ప్రశ్నకు జవాబు తప్పు రాసిండు. దిద్దుకుంటడట. జర పది నిమిషాలు ఇయ్యి."

"ఎలా దిద్దుతారు?"

"సీట్ల కూర్చుంటడు."

ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది.

క్యాబిన్‌లో ఒకటే సీటు. నాకు బండి నడపడం రాదు. ఆమె ఒప్పుకోవడానికి అరగంట, ఫారం నింపడానికి పావుగంట పట్టాయి. చివరికి ఏర్పాటు ఇలా కుదిరింది. ఆపరేటర్ ఉలిని ఒక బండరాయి మీద సరిగ్గా ఆనించి, బిగించి దిగిపోతాడు. నేను ఎక్కి పెడలు తొక్కడం, వదలడం తప్ప ఏదీ ముట్టుకోను. అందరూ తాడు బయట నిలబడతారు. ఫారంలో 'ఉద్దేశం' అన్న చోట ఏం రాయాలని ఆమె అడిగితే ఆయన "ప్రాయశ్చిత్తం" అన్నాడు. ఆమె "సీటు పరీక్ష" అని రాసింది.

దోసె మీద కూర్చున్నాను. లడ్డూ నా భుజం దగ్గర కట్టారు. డిప్పలు పెట్టుకున్నాను. లోకం దూరమైంది. పెడలు తొక్కాను.

ముప్పై ఏళ్ళు నేను అదురును తెర మీద గీతగా చూశాను. ఆ రోజు అది తుంటి ఎముకలో మొదలై వెన్ను మీదుగా దవడలోకి వచ్చింది. సీటు కింద ఏదో ఇనుము ఇనుముకు తగులుతోంది. కళ్ళజోడు ముక్కు మీద నిలవడం లేదు. బండికేదో అయిందని నాకు నమ్మకం కుదిరింది. వినపడేది దూరంగా ధన్ ధన్ మనే ఒక చప్పుడు, అది కూడా బయటి నుంచి కాదు, నా తలలోంచే. చెయ్యడానికి వేరే పనేమీ లేక ఒళ్ళు అదురును ఒక్కొక్కటే లెక్కపెడుతున్నట్టుంది.

తాడు బయట ఆపరేటర్ రెండు చేతులూ ఊపుతున్నాడు. మెచ్చుకుంటున్నాడనుకుని నేనూ చెయ్యి ఊపాను. అతను తాడు కిందినుంచి దూరి పరిగెత్తుకొచ్చి, దూరంగానే నిలబడి, కాలు ఎత్తమని సైగ చేశాడు. ఎత్తాను. డిప్పలు తీశాను.

"రాయి ఎప్పుడో పగిలింది సారూ!" అని అరుస్తున్నాడు. "ఖాళీకి కొడుతున్నవ్! బండి ఖరాబైతది! చప్పుడు మారింది ఇనపడలేదా?"

వినపడలేదు. రాయి చీలగానే చప్పుడు మారుతుందట. అది విని కాలు తీసేయాలి. లేకపోతే ఉలి ఖాళీలో కొట్టుకుంటుంది, ఆ దెబ్బ అంతా సీటులోకి వస్తుంది. అన్నిటికంటే గట్టి కుదుపు అదే. నా ఆరు గీతల్లో అలాంటి కుదుపులు కూడా కొన్ని ఉండాలి కదా అనిపించింది. ఉన్నాయి. డిప్పలు పెట్టుకున్నప్పటి గీతల్లో ఎక్కువగానే వచ్చాయి. వాటిని 'చెడిన భాగం' అని కత్తిరించి, మిగిలినవి ఒకదాని మీద ఒకటి పెట్టి, ఒకటే గీతలా ఉన్నాయని ముచ్చటపడ్డాను. అది కూడా మా అలవాటే. శుభ్రంగా ఉండాలి కదా కొలత.

ఉలిని కొత్త రాయి మీద ఆనించారు. ఈసారి డిప్పలు లేకుండా తొక్కాను. మోత మీద పడింది. ఏమీ ఆలోచించలేకపోయాను. రెండు నిమిషాలయ్యాక దిగి, "ఇప్పుడు తక్కువగా ఊగింది, సీటు సర్దారా?" అని అడిగాను.

ఎవరూ సీటు ముట్టుకోలేదు. ఆయన తెర నా వైపు తిప్పాడు. రాయి పగలక ముందు వచ్చిన అంకెకు, దీనికి తేడా లేదు.

"పెట్టెల మార్పు లేదు పంతులూ," అన్నాడు. ఈసారి ఎగతాళి లేదు. "మనిషిల ఉన్నది."

ఆపరేటర్ నా వైపు చూశాడు. నేను అన్నాను: "మీరు చెప్పింది నిజమండీ."

ఆ అమ్మాయి తన హెల్మెట్ బిగించుకుంది. "నేనూ కూర్చుంటాను సర్."

డిప్పలతో కూర్చుని, ఒక నిమిషం కూడా కాకుండా కాలు తీసేసింది. డిప్పలు లేకుండా కూర్చుని రెండు నిమిషాలూ పూర్తి చేసింది. దిగి వచ్చాక చాలాసేపు దుమ్ము దులుపుకుంది. తర్వాత తనలో తాను అనుకుంటున్నట్టు అంది: "మా హాస్టల్లో కింద జనరేటర్ ఉంటుందండీ. కరెంట్ పోతే చదువుకోవడానికి నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటా, సౌండ్ రాకుండా. అప్పుడు మంచం వణుకుతున్నట్టు ఉంటుంది. తీసేస్తే ఉండదు. నాకేదో నరాల ప్రాబ్లం అనుకుని డాక్టర్‌కి కూడా చూపించుకున్నాను."

"డాక్టర్ ఏమన్నడు?"

"హెడ్‌ఫోన్స్ తగ్గించమన్నాడు."

"మంచిగ చెప్పిండు. డాక్టరుకు కూడా బీరువా ఒకటే ఉన్నట్టుంది," అన్నాడు ఆయన.

అక్కడే రాతి మీద కూర్చుని రిపోర్టు మళ్ళీ రాశాం. ఈసారి ఒకటే కాగితం. అందులో మొదటి వాక్యం, ఆ సీటు అదురు హద్దు దాటిందని. డిప్పలు పెట్టుకుంటే చప్పుడు మార్పు వినపడక ఖాళీ దెబ్బలు పెరుగుతాయి. మిగతా అదురును మాత్రం అవి పెంచలేదు, అప్పటిదాకా మోత కప్పిపెట్టిన దాన్ని బయటపెట్టాయి. డిప్పలు తీస్తే చెవి పోతుంది, పెడితే నడుము తెలుస్తుంది. తెలియకపోయినంత మాత్రాన నడుము పాడవకుండా ఉండదు. బొంత ఎత్తి చూస్తే సీటు కింది స్ప్రింగు ఎప్పుడో విరిగి ఉంది. ఆ బొంత వేసుకున్నది కూడా ఆపరేటరే. మొదటి రోజు నేను దాని మీదే దోసె పరిచాను. కింద ఏముందో ఎత్తి చూడలేదు, సీటు కొలవమన్నారు గానీ చూడమనలేదు కాబట్టి.

సీటు మార్చారు. మాట, చప్పుడు మార్పు కొంత లోపలికి వచ్చే రకం డిప్పలు ఆయనే వెతికి చెప్పాడు. బ్రేకర్ మీద ఒకే మనిషి రోజంతా కూర్చోకుండా ఇద్దరు మార్చుకునేలా ఏర్పాటు చేశారు. ఆపరేటర్ గేట్ పాస్ నిలిచింది. స్టిక్కర్ల విషయంలో మాత్రం చిన్న చిక్కు వచ్చింది. వేయడానికి నియమం ఉంది, తీయడానికి లేదు. ఆ అమ్మాయి రెండు రోజులు ఆలోచించి, హెల్మెట్ పాతబడిందని రాసి అతనికి కొత్తది ఇప్పించింది. ఆమె మంచి ఆఫీసరు అవుతుందని ఆయన తర్వాత నాతో అన్నాడు.

మా ఆఫీసులో ఇంకో చిక్కు. ఆ కాగితం మీద రెండు సంతకాలు ఉన్నాయి. ఏ బీరువాలో పెట్టాలని గుమాస్తా అడిగాడు. చప్పుడు బీరువాలో పెడితే అదురు లెక్క తప్పుతుంది, అదురు బీరువాలో పెడితే చప్పుడు లెక్క తప్పుతుంది. నేను రిటైరయ్యే రోజు వరకూ అది రెండు బీరువాల మధ్య ఉన్న స్టూలు మీదే ఉంది.

దీన్నుంచి ఒక సూత్రం లాగి మీ చేతిలో పెట్టాలని ఉంది గానీ, అది కుదరదు. అదే బ్రేకర్ కొడుతుంటే పక్క భవనం ఆరో అంతస్తులో ఒక మేనేజరు నేల ఊగుతోందని ఫిర్యాదు చేశాడు. నేను వెళ్ళి కొలిస్తే నేల కదలడం లేదు, బల్ల మీది గ్లాసులో నీళ్ళు కూడా కదలడం లేదు. చప్పుడు వింటున్నాడు కాబట్టి ఊగుతున్నట్టు అనిపించింది. కింద క్యాబిన్‌లో మనిషికి చప్పుడు వింటున్నాడు కాబట్టి ఊగుడు తెలియలేదు. ఒకటే బండి. ఇద్దరూ అబద్ధం ఆడలేదు. మీ పెట్టెలో రెండు అంకెలు వస్తాయి. వాటిని కూడితే మనిషికి ఏమనిపిస్తుందో రాదు. అతన్నే అడగాలి, కుదిరితే అతని సీట్లో కూర్చోవాలి. నాలుగో పేజీలో పెట్టిన దాన్ని మొదటి పేజీలోకి తేవాలి.

ఆయన ఆరోగ్యం చెడ్డాక నేను వారానికోసారి చందానగర్ వెళ్ళేవాణ్ణి. ఇల్లు బొంబాయి రోడ్డు పక్కనే. పగలంతా లారీలు. ఆయనకు ప్రశాంతంగా ఉండాలని ఇంట్లోవాళ్ళు కిటికీలన్నీ బిగించి, పరదాలు వేశారు. ఒక మధ్యాహ్నం వెళ్ళేసరికి వాళ్ళావిడ గుమ్మంలోనే నన్ను ఆపి, నెమ్మదిగా చెప్పింది. "రెండు రోజుల సంది మంచం ఊగుతుందని ఒక్కటే పరేషాన్ అయితున్నడన్నా. మందుల వల్ల తల తిరుగుతుందో ఏమో. మాకైతే ఏం ఊగుతలేదు."

లోపలికి వెళ్ళి మంచం అంచు మీద కూర్చున్నాను. గదిలో చడీ చప్పుడూ లేదు. ఒక నిమిషం అలాగే కూర్చుంటే తెలిసింది. రోడ్డు మీద బరువు బండి పోయినప్పుడల్లా మంచం పట్టె నా తొడ కింద సన్నగా అదురుతోంది. మిగతావాళ్ళు ఇంట్లో తిరుగుతూ ఉంటారు, వాళ్ళకు తెలియదు. ఆయన పొద్దున్నుంచీ ఆ నిశ్శబ్దంలో కదలకుండా పడుకుని ఉన్నాడు.

"ఊగుతుందా పంతులూ?" అన్నాడు.

"ఊగుతోందండీ."

"నమ్మినవా, కొలిచినవా?"

"కూర్చున్నాను."

లేచి వెళ్ళి పరదా తీసి కిటికీ తెరిచాను. లారీల మోత, హారన్లు, కింద మార్కెట్లో కూరగాయల వాళ్ళ కేకలు అన్నీ ఒక్కసారి లోపలికి వచ్చాయి. వాళ్ళావిడ కంగారుగా గుమ్మంలోకి వచ్చింది. ఆయన కళ్ళు మూసుకుని కాసేపు విన్నాడు. ముఖం తేలికపడింది.

"ఆగింది," అన్నాడు. ఆగలేదని ఇద్దరికీ తెలుసు. "ఇగ నేను కొలుస్త. నువ్వు టీకి పో."

నేను వెళ్ళలేదు. టీ వాళ్ళావిడే లోపలికి తెచ్చింది. ఇద్దరం అక్కడే తాగాం.